31 వేలు పెట్టి వారంటీ పొడిగించుకోవాలా? ముందు గేర్‌బాక్స్ సంగతి చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది నెల్లూరు, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. టర్బో పెట్రోల్ ఇంజిన్, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్న ఎస్‌యూవీ బుక్ చేశారు. కర్ణాటక లైఫ్ టాక్సూ ఇన్సూరెన్సూ కలిపి ఆన్‌రోడ్ 20 లక్షలు దాటింది. కంపెనీ వారంటీ మూడేళ్లు ఎలాగూ ఉంది. దాన్ని ఐదేళ్లకి పొడిగించాలంటే 31 వేలు అంటున్నారు. అంత ఎందుకంటే 18,500కి ఇంకో ప్లాన్ చూపించారు. మీ ఆవిడ దండగ అంటున్నారు, మీ మామగారు తీసుకోమంటున్నారు. శనివారం డెలివరీ. ఇదీ సంగతి.

ముందే చెప్పేస్తాను. మీ బండికి 31 వేల ప్లాన్ తీసుకోండి. 18,500 ప్లాన్ జోలికి పోకండి. మీరు కొంటున్నది మామూలు పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్ ఉన్న చిన్న కారు అయ్యుంటే మీ ఆవిడ మాటే నా మాట కూడా.

నేనెవరో కూడా చెప్పాలి కదా. మాది హిందూపురం. 2003లో బెంగళూరు వచ్చాను. పద్నాలుగేళ్లు ఒక షోరూమ్ సర్వీసు సెంటర్లో పనిచేశాను. అందులో చివరి ఆరేళ్లు వారంటీ క్లెయిముల టేబుల్ దగ్గరే కూర్చున్నాను. ఇప్పుడు హూడి దగ్గర సొంత గ్యారేజీ నడుపుతున్నాను. మీరు వారంటీ తీసుకుంటే ఐదేళ్లదాకా మీ బండి నా గ్యారేజీ ముఖం చూడదు, నాలాంటివాడికి నష్టమే. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఈ పొడిగించిన వారంటీ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు ఉండదు. నేను చూసేది ఒక్కటే. ఈ బండిలో పాడైతే బయట బాగుచేసుకునే దారి లేని పార్టులు ఎన్ని ఉన్నాయి? ఆ ప్లాన్ విలువంతా అక్కడే ఉంది.

ఉదాహరణకి పదేళ్ల కిందటి మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకోండి. ఆల్టర్నేటర్ పోయింది. కంపెనీ సర్వీసు సెంటర్లో కొత్తది పెట్టి పదిహేను వేలో పద్దెనిమిది వేలో అంటారు. బయట బేరింగులు, రెగ్యులేటర్ మార్చి మూడు నాలుగు వేలలో నడిపించేస్తాం. స్టార్టర్ మోటారూ అంతే, రేడియేటర్ ఫ్యానూ అంతే. ఏసీ కంప్రెసర్ కూడా బాగుచేసినది దొరుకుతుంది. అలాంటి బండికి వారంటీ ఎందుకు? నాలుగో ఏట ఐదో ఏట వచ్చే జబ్బులన్నీ కలిపినా ప్లాన్ ఖరీదు దాటడం అరుదు.

మీ బండి అలా కాదు.

డీసీటీ అంటే రెండు క్లచ్‌లు. ఒకటి 1, 3, 5, 7 గేర్లకి, రెండోది 2, 4, 6 గేర్లకి. ఒక గేర్‌లో బండి పోతుండగానే తర్వాతి గేర్ సిద్ధంగా కాచుకుని ఉంటుంది. అందుకే గేర్ మారినట్టే తెలియదు. నాయుడుపేట దాటి హైవే ఎక్కాక మీకే అర్థమవుతుంది ఆ సుఖం. కానీ ఆ క్లచ్‌లని పట్టించి వదిలించేది మీ కాలు కాదు, ఒక కంట్రోల్ యూనిట్, దానికి కట్టిన మోటార్లో వాల్వులో. సాయంత్రం ఆరున్నరకి సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోండి. ముందు బండి రెండడుగులు కదులుతుంది, మీదీ కదులుతుంది, ఆగుతుంది. ఇలా వందసార్లు. ప్రతిసారీ క్లచ్ పూర్తిగా పట్టదు, సగం పట్టి జారుతుంది. ఆ జారుడులోనే వేడి పుడుతుంది. వెట్ క్లచ్ అయితే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి ఆ వేడిని ఆయిల్ లాగేస్తుంది. డ్రై క్లచ్‌కి చుట్టూ ఉన్న గాలే దిక్కు. మీరు బుక్ చేసిన మోడల్‌లో ఏది ఉందో బ్రోషర్‌లో ఉంటుంది, లేకపోతే సర్వీసు మేనేజర్‌ని అడగండి. అమ్మకాల కుర్రాడిని అడగకండి, అతనికి తెలియకపోయినా తెలిసినట్టే చెబుతాడు.

డ్రై క్లచ్ బండ్లు మా దగ్గరికి ఎలా వస్తాయంటే, ఒకటో గేర్ నుంచి రెండో గేర్‌కి మారేటప్పుడు వణుకు. చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, అరగంట ట్రాఫిక్‌లో తిరిగాక మొదలవుతుంది. తర్వాత డ్యాష్‌బోర్డు మీద గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక. ఇంకొన్నాళ్లకి రివర్స్ పడదు. అప్పటికి స్కానర్ పెడితే ఫాల్ట్ కోడ్ వస్తుంది, కానీ నేను చేయగలిగింది అక్కడితో సరి. కంట్రోల్ యూనిట్ కొత్తది కొన్నా దాన్ని ఆ బండికి కోడింగ్ చేయాలి. అది కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే అవుతుంది. నేను చూసిన బిల్లుల్లో ఆ యూనిట్ మార్చినవి లక్షన్నరకి తక్కువ లేవు. క్లచ్ ప్యాక్ ఒక్కటే అయితే 70 వేల నుంచి లక్ష పైదాకా.

2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీని అణచకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, రోగం కనిపెట్టే స్కానర్లు, రిపేరు సమాచారం బయటి గ్యారేజీలకి అందనీయడం లేదన్నది ప్రధానమైన అభియోగం. బయట రిపేరు చేయించుకున్నారన్న ఒక్క కారణంతో గంపగుత్తగా వారంటీ రద్దు చేసే షరతు పెట్టకూడదని కూడా ఆ ఆర్డర్‌లో ఉంది. కంపెనీలు కోర్టులకెక్కాయి. నాలాంటివాడికి ఒరిగిందేమిటంటే, బ్రేక్ ప్యాడ్లూ ఫిల్టర్లూ ఇప్పుడు హాయిగా దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్‌తో ముడిపడ్డ పార్టు దగ్గర మాత్రం ఇవాళ్టికీ చేతులు కట్టుకునే నిలబడతాం. మీరు 31 వేలు కడుతున్నది ఆ చేతులు కట్టుకునే పరిస్థితికి.

మీ బండిలో అలాంటివి ఇంకా ఉన్నాయి. పది అంగుళాల స్క్రీన్. బయట బాగుచేసేవాళ్లు ఉన్నారు గానీ మొత్తం యూనిట్ పోతే 50 వేల పైమాటే. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ర్యాక్, టర్బో, కెమెరాతో నడిచే ఆ బ్రేకింగ్ సిస్టమ్. ఏసీలో కూలింగ్ కాయిల్ కూడా. ఆ కాయిల్ ఖరీదు పెద్దదేం కాదు, కానీ దాన్ని చేరాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి, ఒక రోజు పని. పైగా దించి బిగించాక కిటకిటమని శబ్దం రాకుండా బిగించే మెకానిక్ దొరకాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి, మీకు లెక్కంటే ఇష్టమే ఉంటుంది. ఈ ప్లాన్‌లో మోసంలాంటి ఒక తిరకాసు ఉంది. డబ్బు ఇవాళ కడతారు, రక్షణ మొదలయ్యేది మూడేళ్ల తర్వాత. ఆ 31 వేలని ఆరున్నర శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, పొడిగింపు కాలం సగం గడిచేసరికి, అంటే నాలుగేళ్లకి, 40 వేలు అవుతుంది. కాబట్టి మీరు పందెం కాస్తున్నది 31 వేలు కాదు, 40 వేలు. మాన్యువల్ చిన్న కారుకి ఈ పందెం ఓడిపోయే పందెం. మీ బండిలో ఒక్క గేర్‌బాక్స్ క్లెయిమ్ వస్తే రెండు మూడింతలు తిరిగొస్తుంది, రాకపోతే పోతుంది. రాకపోవడమే ఎక్కువ, ఆ మాట దాచను. ఐదేళ్లలో ఏ రిపేరూ లేకుండా తిరిగే డీసీటీ బండ్లు కూడా బోలెడున్నాయి. కానీ ఇంటి ఈఎంఐ నడుస్తుండగా ఒకేసారి లక్షన్నర బిల్లు వస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఆ 31 వేలని కారు లోన్‌లో మాత్రం కలపనీయకండి. ఆన్‌రోడ్ కొటేషన్‌లో అడుగున ఒక లైనుగా పెట్టేస్తారు, మనం చూసుకోం. తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ అనుకుంటే ఆ 31 వేలకి మీరు కట్టేది దాదాపు 42 వేలు. వారంటీ ఐదో ఏట అయిపోతుంది, దాని ఈఎంఐ ఇంకో రెండేళ్లు కడుతూ ఉంటారు! విడిగా కార్డుతోనో యూపీఐతోనో కట్టి, విడిగా రసీదు తీసుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ కలిపే చెప్పారా, మళ్లీ పైన వేస్తారా అన్నది కూడా అడగండి.

కిలోమీటర్ల సంగతి. మీరు వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్తానన్నారు. రానుపోను 55 కిలోమీటర్లు అనుకుంటే ఏడాదికి ఎనిమిదిన్నర వేలు. నెల్లూరికి ఏడాదిలో ఆరుసార్లు, ఒక్కో ట్రిప్పు 760. అది నాలుగున్నర వేలు. ఊళ్లో తిరుగుడు కలిపినా 15 వేలు. అంటే ఐదేళ్లకి 75 వేలు. ఏ కంపెనీ షరతు చూసినా మీకు సంవత్సరాలే ముందు అయిపోతాయి, కిలోమీటర్లు కాదు. కాబట్టి అపరిమిత కిలోమీటర్ల ప్లాన్ అని ఇంకో ఆరేడు వేలు ఎక్కువ అడిగితే వద్దని చెప్పండి, మీకు దాంతో పనిలేదు.

అన్నట్టు, మీ మామగారికి చెప్పండి, ఆయన రోజులు వేరు. అప్పట్లో కొత్త కారుకి రెండేళ్ల వారంటీ ఉంటే ఎక్కువ. మారుతి కూడా 2024 జులైలోనే తన మామూలు వారంటీని 2 ఏళ్లు 40 వేల కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లక్ష కిలోమీటర్లకి పెంచింది. మామూలు వారంటీ పొడుగైనకొద్దీ పొడిగింపు అవసరం తగ్గుతుంది, ఎందుకంటే తయారీ లోపాలు ఎక్కువగా బయటపడేది మొదటి ఏడాది రెండేళ్లలోనే. మూడున్నరేళ్లకే బండి మార్చే అలవాటున్నవాళ్లకి ఇది శుద్ధ దండగ. మీరు కనీసం ఏడేళ్లు వాడతానన్నారు కాబట్టే ఇంత చెబుతున్నాను.

ఇక 18,500 ప్లాన్. ఇది కారు తయారుచేసిన కంపెనీది కాదు. షోరూమ్ వాళ్లు బయటి సంస్థతో కుదుర్చుకుని అమ్మేది. కాగితం కింద ఎవరి పేరు ఉందో చూస్తే తెలిసిపోతుంది. కంపెనీ ప్లాన్ అయితే ఆ కంపెనీ ఏ సర్వీసు సెంటర్‌కి వెళ్లినా కంప్యూటర్లో కనిపిస్తుంది. మీరు నెల్లూరు వెళ్లినప్పుడు చిత్తూరు దగ్గర బండి ఆగితే అక్కడి సర్వీసు సెంటర్లోనే పని అయిపోతుంది. బయటి ప్లాన్‌లో ముందు మనం బిల్లు కట్టి, తర్వాత తిరిగి అడుక్కోవాల్సి రావచ్చు. ఒక్కో క్లెయిమ్‌కి పరిమితి ఉంటుంది. పార్టు పాతబడింది కాబట్టి ఇంత శాతం మీదే అనే షరతు కూడా ఉంటుంది.

2016లో అనుకుంటా, మదనపల్లె నుంచి ఒకాయన వచ్చాడు. రిటైరైన మనిషి, చొక్కా జేబులో ల్యామినేషన్ చేసిన కార్డు. దాని మీద బంగారు రంగులో కారు బొమ్మ, కింద టోల్‌ఫ్రీ నంబరు. బండి ఇంజెక్టర్లు పోయాయి. ఆ కార్డు మాది కాదు సార్ అంటే నమ్మలేదు, "మీ పక్క బ్రాంచిలోనే కదా అమ్మారు" అన్నాడు. నిజమే, అమ్మింది మా వాళ్లే. నా టేబుల్ మీది ఫోన్ నుంచే ఆ నంబరు తిప్పాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం అంతా ఆయన ఆ బల్ల మీదే కూర్చుని తిప్పుతూ ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి లేచి, ఎస్టిమేట్ ప్రింట్ ఇవ్వమని తీసుకుని వెళ్లిపోయాడు. కార్డు బల్ల మీదే వదిలేశాడు.

కంపెనీ ప్లాన్ తీసుకున్నా అన్నీ వచ్చేస్తాయనుకోవద్దు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫిల్టర్లు, బుష్‌లు అరిగే వస్తువులు, అవి రావు. టైర్లకీ బ్యాటరీకీ వాటి కంపెనీల వారంటీలే. క్లెయిమ్ పాసైనా గాస్కెట్టు, ఆయిల్, కూలెంట్, ఏసీ గ్యాస్ లాంటివాటికి చిన్న బిల్లు మీకు వస్తుంది, గొడవపడకండి, అది మామూలే. మీరు గట్టిగా అడగాల్సింది ఒక్కటి, డీసీటీ క్లచ్ ప్యాక్ ప్లాన్‌లో ఉందా లేదా? మాన్యువల్ బండిలో క్లచ్ ప్లేటు అరిగే వస్తువే, దాని గురించి ఎవరూ వాదించరు. డీసీటీలో అదే మాట పట్టుకుని కొందరు క్లచ్ ప్యాక్‌ని పక్కకి తోసేస్తారు. కంట్రోల్ యూనిట్‌కి ఇస్తాం, క్లచ్‌కి ఇవ్వం అంటారు. అలా అయితే ప్లాన్ విలువ నా లెక్కలో సగానికి పడిపోతుంది. నోటిమాట వద్దు. షోరూమ్ మెయిల్ ఐడీ నుంచి "క్లచ్ ప్యాక్ కవర్ అవుతుంది" అని ఒక్క లైను మెయిల్ పెట్టించుకోండి. పెట్టడానికి వెనకాడితే జవాబు దొరికినట్టే.

క్లెయిములు ఎక్కువగా పోయేది ప్లాన్‌లో లేనందువల్ల కాదు, తేదీల వల్ల. ఆరేళ్లు ఆ టేబుల్ దగ్గర కూర్చుని తెలుసుకున్నది ఇదే. "10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని సర్వీసు పుస్తకంలో రాసి ఉంటుంది. మనవాళ్లకి పది వేలే గుర్తుంటుంది, ఏడాది గుర్తుండదు. ఒక పెద్దాయన కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉన్నాడు. బండి అపార్టుమెంటు కింద కవర్ కప్పుకుని ఉంది. సర్వీసు నాలుగు నెలలు ఆలస్యమైంది. తిరిగింది 3 వేల కిలోమీటర్లు కూడా కాదు. ఆ తర్వాతి ఏడాది టర్బో పోయింది. నేను ఫైలు కంపెనీకి పంపాను, ఫోటోలు పెట్టాను, సర్వీసు చరిత్ర జతచేశాను. రెండో రోజే తిరిగొచ్చింది, ఆలస్యమైన సర్వీసు తేదీ పక్కన ఎర్ర గుర్తుతో. ఇంజిన్ ఆయిల్‌కీ టర్బోకీ సంబంధం ఉంది కాబట్టి వాళ్ల వాదనకి ఒక ఆధారం ఉంది, కాదనలేను. ఆయన అడిగింది కూడా నిజమే, ఆగి ఉన్న బండిలో ఆయిల్ ఏం అరుగుతుందని. టేబుల్‌కి ఇటువైపు కూర్చున్నవాడు దానికి ఏం చెప్పగలడు?

కాబట్టి సర్వీసు తేదీకి నెల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఊళ్లో లేకపోతే తమ్ముడికో స్నేహితుడికో తాళం ఇచ్చి అయినా చేయించండి. సర్వీసు బిల్లు పీడీఎఫ్ మీ మెయిల్‌లో ఉండాలి.

ఇంకొకటి, కారు సామాన్ల దుకాణాలుండే జేసీ రోడ్డు. కొత్త బండి రాగానే అక్కడికి పరుగెత్తుతారు మన కుర్రాళ్లు. సీటు కవర్లు, మ్యాట్లు వేయించుకోండి, ఎవరూ ఏమీ అనరు. హారన్, ఎల్‌ఈడీ లైట్లు, ఆంబియంట్ లైటింగ్ దగ్గర జాగ్రత్త. వైరు కోయకుండా కప్లర్‌తో, అంటే ప్లగ్‌లాగా తగిలించేవి పర్వాలేదు. వైరు కోసి, ఇన్సులేషన్ టేపు చుట్టాడంటే మాత్రం, ఆ వైరింగ్‌కి ఏ సంబంధం లేని ఎలక్ట్రికల్ క్లెయిమ్ వచ్చినా మొదట చూసేది ఆ టేపునే. నేనూ చూసేవాణ్ని. క్లెయిమ్ తిరస్కరిస్తే గేర్‌బాక్స్ దించి చూసిన లేబర్ కూడా మీ నెత్తినే పడుతుంది. అందుకే పార్టు విప్పే ముందు "రాకపోతే లేబర్ ఎంత" అని జాబ్ కార్డు మీద రాయించుకోవాలి.

కొంతమంది వారంటీ ఉంది కదా అని ఇన్సూరెన్సులో కక్కుర్తి పడతారు. అది తలకిందుల లెక్క. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు నీళ్లలో మునిగినప్పుడు మీరు ఇక్కడే ఉన్నారో లేదో. ఆ వారం లైన్లో వచ్చిన బండ్లకి ఏ వారంటీ ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఇవ్వదు కూడా. నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లాక సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దానికి ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ఆన్ ఉండాలి. ఎలుకలు వైరు కొరికినా అంతే, వారంటీలో రాదు. వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్ల బేస్‌మెంట్లలో అదో పెద్ద బెడద. గుంతలో పడి ఆయిల్ సంప్ పగిలితే అదీ ఇన్సూరెన్సే. మీ చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతుందంటే, ముందు జీరో డెప్రిసియేషన్ (పార్టు పాతబడిందని క్లెయిమ్‌లో కోత వేయని యాడ్ఆన్), ఇంజిన్ ప్రొటెక్ట్. వారంటీ ఆ తర్వాత.

షోరూమ్‌లో ఎవరూ చెప్పని మాట ఒకటుంది, గుడ్‌విల్ క్లెయిమ్ అని. వారంటీ అయిపోయిన కొద్ది నెలలకే పెద్ద పార్టు పోతే, సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే వేళకి చేయించి ఉంటే, కంపెనీ పార్టు ఖరీదులో కొంత భరించవచ్చు. హక్కు కాదు, అడిగితే వచ్చే అవకాశం మాత్రమే. నా సొంత బండికి ఐదేళ్ల రెండు నెలలకి స్టీరింగ్ ర్యాక్ పోయింది. అప్పటికి నేను ఉద్యోగం మానేశాను, పాత పరిచయాలు వాడలేదు, మామూలు కస్టమర్‌లాగే మెయిల్ పెట్టాను. పార్టులో సగం వాళ్లు వేసుకున్నారు, లేబర్ నేను కట్టాను. సర్వీసు సెంటర్ అడ్వైజర్ తనంతట తాను ఈ మాట ఎత్తడు. మీరే కంపెనీ కస్టమర్ కేర్‌కి రాయాలి.

క్లెయిమ్ అన్యాయంగా తోసేశారనుకుంటే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే, అంటే బెంగళూరులోనే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. తిరస్కరించిన కారణం కాగితం మీద లేకపోతే అక్కడ మీ మాట నిలవడం కష్టం. అందుకని మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి.

శనివారంలోపు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. డెలివరీ రోజే కట్టకపోతే ఈ ధర పోతుందని బెదిరిస్తారు. చాలా కంపెనీలు మామూలు వారంటీ నడుస్తున్నంతకాలం ఎప్పుడైనా కొననిస్తాయి, ఆలస్యమైనకొద్దీ ధర మెట్లుమెట్లుగా పెరుగుతుంది. మీ మోడల్‌కి ఆ మెట్లు ఏమిటో, మొదటి మెట్టు ఎన్ని రోజులదో మెయిల్‌లో తెప్పించుకోండి. మొదటి మెట్టు చివరి వారంలో కట్టినా మీకు నష్టం లేదు. ఈలోపు బండి నడిపి చూసినట్టూ ఉంటుంది, క్లచ్ ప్యాక్ గురించి వాళ్ల జవాబూ వస్తుంది. బండి ఐదేళ్లలోపు అమ్మితే ప్లాన్ కొత్త ఓనర్ పేరు మీదకి మారుతుందా, ఫీజు ఎంత అన్నది కూడా అదే మెయిల్‌లో కలిపి అడగండి.

ప్లాన్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఛాసిస్ నంబరు మొత్తం 17 అక్షరాలూ ఆర్‌సీతో సరిపోల్చుకోండి. టైపు చేసే కుర్రాడు సున్నాకి బదులు ఎనిమిది కొట్టిన సర్టిఫికెట్ ఒకటి, నాలుగో ఏట, గేర్‌బాక్స్ పోయిన రోజున నా టేబుల్ మీదకి వచ్చింది. అది సరిచేయించి క్లెయిమ్ పాస్ చేయించడానికి నెలన్నర పట్టింది. అన్నాళ్లూ ఆయన బండి మా యార్డులోనే, వేపచెట్టు కింద, ఆకులు పడుతూ ఉంది.